ఉచిత బస్సు ఉండాలి, పాటల తీరు మారాలి

తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద ఇస్తున్న ఉచిత ప్రయాణాన్ని ఎత్తివేయాలనీ, సినిమా పాటల జోలికి మాత్రం ప్రభుత్వం రాకూడదనీ ఒక వ్యాసకర్త అంటున్నారు. రెండూ నాకు సమ్మతం కాదు.

2023 డిసెంబరు 9న ఈ పథకం మొదలయ్యాక ఉప్పల్ నుంచి కోఠికి, సికింద్రాబాదుకు పనికి వెళ్లే ఆడవాళ్ల చేతిలో నెలాఖరుకు కాస్త డబ్బు మిగులుతోంది. ఇళ్లలో పనిచేసేవారికి, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకు అది చిన్న మొత్తం కాదు. బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదన్నది నిజమే. అందుకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు పెంచాలి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ల సొమ్మును ప్రభుత్వం ఆర్టీసీకి సకాలంలో చెల్లించాలి. సీటు దొరకలేదన్న కోపాన్ని పక్కన నిలబడ్డ ఆవిడ మీద చూపడం అన్యాయం.

ఇక పాటలు. అసభ్యమైన డ్యాన్స్ స్టెప్పుల గురించి 2025 మార్చిలో రాష్ట్ర మహిళా కమిషన్ సినిమావాళ్లను హెచ్చరించింది. మంచి పని చేసింది. సినిమాకు సెన్సారు ఉంది, యూట్యూబులో ముందే వదిలే పాటకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. సినిమా థియేటర్‌కు వచ్చేలోగా ఆ స్టెప్పులు బడి వార్షికోత్సవాల వేదిక ఎక్కేస్తున్నాయి! నిషేధం నేనూ కోరను. కానీ ఊపు వేరు, వెకిలితనం వేరు. 2023లో ఆస్కార్ తెచ్చిన 'నాటు నాటు'లో ఊపుకు తక్కువేమిటి? ఆడవాళ్లను కించపరచకుండానే ఊరంతటినీ ఆడించింది. నిర్మాతలు మారేదాకా, పిల్లల చేత ఏ పాటకు నృత్యం చేయించాలో కనీసం ప్రధానోపాధ్యాయులైనా ముందుగా విని నిర్ణయించాలి.