వెస్టిండీస్‌లో స్కూల్ క్రికెట్ లేదంటున్న ఆ పోస్ట్‌కి నా జవాబు

వెస్టిండీస్ (కరీబియన్ వైపు చాలా దేశాలు కలిసి ఆడే టీమ్) ఎప్పుడు ఓడినా మన క్రికెట్ గ్రూపుల్లో ఒక పోస్ట్ తిరుగుతుంది, మీరూ చూసే ఉంటారు. దాని సారాంశం ఇదీ: "అక్కడ స్కూళ్ళలో క్రికెట్ అనేదే లేదు, పాత లెజెండ్స్ అంతా బీచ్‌లో ఆడి వచ్చినోళ్ళే, ఇప్పటి పిల్లలు టీవీలో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) చూసి బాస్కెట్‌బాల్‌కి పోయారు, అందుకే కుర్రాళ్ళలో సరుకు లేదు, బోర్డు అన్ని దీవుల స్కూళ్ళకి కలిపి ఒక టోర్నీ పెడితే రెండేళ్ళలో సెట్ అయిపోద్ది." మొన్న మా బాబాయ్ కూడా ఫార్వర్డ్ చేశాడు, పైగా "చూశావా" అని ఒక మెసేజ్. చూశాను బాబాయ్, ఒక్కోటి చెప్తా.

స్కూళ్ళలో క్రికెట్ లేదు అన్నది ముందు. జమైకాలో హైస్కూల్ ప్రిన్సిపాల్స్ నడిపే ఇస్సా అనే సంస్థ ఉంది, స్కూల్ ఆటలన్నీ దాని చేతిలోనే. రాజధాని కింగ్‌స్టన్ వైపు స్కూళ్ళు గ్రేస్ షీల్డ్ ఆడతాయి (పాత రోజుల్లో సన్‌లైట్ కప్ అనేవాళ్ళు, అవును, సబ్బు కంపెనీ పేరే), పల్లె వైపు స్కూళ్ళకి పాతకాలం బ్యాట్స్‌మన్ జార్జ్ హెడ్లీ పేరు మీద హెడ్లీ కప్, ఈ రెండు గెలిచిన స్కూళ్ళు స్పాల్డింగ్ కప్‌లో తలపడతాయి. ట్రినిడాడ్‌లో అయితే సెకండరీ స్కూళ్ళ లీగే వేరే ఉంది, ప్రీమియర్‌షిప్ డివిజన్, దాని కింద ఇంకో డివిజన్, అడుగున నిలిచిన స్కూల్ కిందకి దిగిపోద్ది. మన దగ్గర ఎన్ని జిల్లాల్లో హైస్కూళ్ళకి ఇలా ప్రమోషన్, రెలిగేషన్ ఉన్న లీగ్ ఉందో ఎవరైనా చెప్పండి, ఊరికే అడుగుతున్నా.

ఇక బీచ్ కథ. వినడానికి భలే ఉంటుంది, టూరిజం వాళ్ళకీ పనికొస్తుంది. కానీ బ్యాటింగ్ లెజెండ్ బ్రయన్ లారా ట్రినిడాడ్‌లో ఫాతిమా కాలేజ్ అనే స్కూల్లో చదివాడు, 14 ఏళ్ళప్పుడు స్కూల్ లీగ్‌లో 745 పరుగులు కొట్టాడు, సగటు 126.16, దాంతోనే ట్రినిడాడ్ అండర్-16లో పడ్డాడు. ఫాస్ట్ బౌలర్ కోర్ట్నీ వాల్ష్ 1979లో స్కూల్ మ్యాచ్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 43 పరుగులకి 10 వికెట్లు తీశాడు. కింగ్‌స్టన్‌లో వోల్మర్స్ అనే ఒక్క స్కూల్ నుంచి అలెగ్జాండర్, హెండ్రిక్స్, డుజాన్, బా, ఇంతమంది టెస్ట్ వికెట్ కీపర్లు వచ్చారు. ఇదంతా ఇసుకలో జరిగింది కాదు కదా.

బార్బడోస్ సంగతి ఇంకా ఇంట్రెస్టింగ్. అక్కడ ఒకప్పుడు పెద్ద స్కూళ్ళు పిల్లల మ్యాచ్‌లే కాదు, పెద్దవాళ్ళ క్లబ్బులతో కలిసి ఫస్ట్ డివిజన్ లీగే ఆడేవి. వెస్ హాల్ కాంబర్‌మియర్ స్కూల్‌లో ఉన్నప్పుడు (తర్వాత పెద్ద ఫాస్ట్ బౌలర్ అయ్యాడు కానీ అప్పుడు కీపర్ కమ్ బ్యాట్స్‌మన్, బౌలర్ కాదు!) ఆ స్కూల్ టీమ్‌లో ఆయనతో కలిసి ఆడినవాళ్ళలో ఒకడు స్కూల్ గ్రౌండ్స్‌మన్, పేరు ఫ్రాంక్ కింగ్, వెస్టిండీస్ టెస్ట్ ఫాస్ట్ బౌలర్. అంటే పొద్దున పిచ్ రోల్ చేసేది టెస్ట్ ప్లేయర్, మధ్యాహ్నం అదే పిచ్ మీద పిల్లల పక్కన నిలబడి బౌలింగ్ వేసేదీ ఆయనే. పదహారేళ్ళోడు వారం వారం పెద్దోళ్ళని ఎదుర్కోవడం అంటే అకాడమీ ఫీజులు కడితే వచ్చేది కాదది. అదే స్కూల్‌లో ఫ్రాంక్ వొరెల్ చదివాడు, మన కాలంలో క్రెయిగ్ బ్రాత్‌వైట్ చదివాడు. రిహానా కూడా అక్కడే అనుకోండి, కానీ అది వేరే డిపార్ట్‌మెంట్.

బాస్కెట్‌బాల్ మీద నాకు అసలు కోపం, ఎందుకంటే ఇది చెప్పేవాళ్ళు ఎవరూ తేదీలు చూడరు. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ కర్ట్‌లీ ఆంబ్రోస్ చిన్నప్పుడు ఇష్టపడిందే బాస్కెట్‌బాల్, క్రికెట్‌లోకి ఆలస్యంగా వచ్చాడు, 1988లో టెస్ట్ ఆడాడు. అప్పుడు ఆ టీమ్ ఎలా ఉంది? 1980 మార్చ్ తర్వాత 1995 దాకా ఒక్క టెస్ట్ సిరీస్ ఓడని టీమ్ అది. అంటే బాస్కెట్‌బాల్ అప్పుడూ ఉంది, టీమ్ మాత్రం అందర్నీ ఉతికేస్తోంది.

జమైకాలో క్రికెట్‌కి అసలు పోటీ రన్నింగ్ ట్రాక్. ఉసేన్ బోల్ట్ హైస్కూల్లో క్రికెటరే, వాడి స్పీడ్ చూసి నువ్వు పరుగు పందేలకి పో అని పంపింది క్రికెట్ కోచే. ఇంకో జమైకా స్ప్రింటర్ యోహాన్ బ్లేక్ కూడా ఫాస్ట్ బౌలర్ అవుదామనుకున్నవాడే. ఎందుకిలా అంటే క్యాలెండర్ చూడండి: సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా స్కూల్ ఫుట్‌బాల్ సీజన్, పైగా జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం. పొడిగా ఉండేది జనవరి నుంచి, కాబట్టి క్రికెట్ ఆ టర్మ్‌లోనే పెట్టాలి, కానీ 1910 నుంచి నడుస్తున్న ఛాంప్స్ అనే స్కూల్ అథ్లెటిక్స్ మీట్ మార్చ్ చివర్లో, స్టేడియం కిక్కిరిసిపోద్ది, ప్రతి స్కూల్ పరువు దాని మీదే. అది అవ్వగానే మే, జూన్‌లో ఫిఫ్త్ ఫార్మ్ పిల్లలకి సీసెక్ పరీక్షలు, మన టెన్త్ లాగే ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ మధ్యలో దొరికిన వారాల్లో గ్రౌండ్, అంపైర్లు, బస్సు, పిల్లల్ని క్లాస్ నుంచి వదిలే టీచర్లు అన్నీ కుదరాలి, ఒక వాన పడిందంటే వాయిదా వేసిన మ్యాచ్‌కి మళ్ళీ తేదీ ఎక్కడ్నుంచి తెస్తారు? గయానాలో ఇంకా కష్టం, అక్కడ ఏడాదికి రెండు వానాకాలాలు.

కుర్రాళ్ళలో సరుకు లేదు అన్నదానికి ఎక్కువ టైమ్ పెట్టను. 2016 అండర్-19 వరల్డ్ కప్ ఫైనల్లో ఇండియాని ఓడించింది వెస్టిండీసే, హెట్‌మయర్ కెప్టెన్, సెయింట్ మార్టెన్ నుంచి వచ్చిన కీసీ కార్టీ నాటౌట్‌గా నిలబడి గెలిపించాడు. 2022లో మన గుంటూరు షేక్ రషీద్ ఫైనల్లో 50 కొట్టిన అండర్-19 వరల్డ్ కప్ గుర్తుంది కదా, అది నడిపింది కూడా వెస్టిండీస్‌లోనే.

చివరిది, ఒక్క టోర్నీ పెడితే అయిపోద్ది అనేది. బాబూ, వెస్టిండీస్ ఒక దేశం కాదు. స్కూళ్ళు ఏ దేశానివి ఆ దేశ విద్యాశాఖ కింద ఉంటాయి, క్రికెట్ వెస్టిండీస్ అనే పెద్ద బోర్డు కింద ఉండేవి ఆరు ప్రాంతీయ బోర్డులు. బార్బడోస్ దేశం మొత్తం జనాభా మన నిజామాబాద్ సిటీ కంటే తక్కువ. జమైకాలోని కింగ్‌స్టన్ నుంచి గయానాలోని జార్జ్‌టౌన్ 2,300 కిలోమీటర్ల పైనే, మధ్యలో సముద్రం, చాలాసార్లు డైరెక్ట్ ఫ్లైట్ కూడా ఉండదు. అందుకే స్కూల్ లీగ్ ఎక్కడికక్కడ నడుస్తుంది, అందులో బాగా ఆడినోళ్ళు వాళ్ళ బోర్డు అండర్-15, 17, 19 టీమ్‌ల్లోకి వెళ్తారు, ఆ టీమ్‌లన్నిటినీ ఒకే చోటికి తెచ్చి ఆడిస్తారు. ఖర్చు తట్టుకునే దారి అదే.

ఈ దారిలో అందరూ పడట్లేదు, ఒప్పుకుంటా. 2024 జనవరిలో ఆస్ట్రేలియాలోని గబ్బా గ్రౌండ్‌లో 68 పరుగులకి 7 వికెట్లు తీసిన షమార్ జోసెఫ్‌ది గయానాలో పడవ మీద తప్ప చేరలేని బరాకారా ఊరు, పండ్లతో, కరిగించిన ప్లాస్టిక్ బాటిల్ బంతులతో ఆడుకున్నాడు, స్కూల్ లీగ్‌లో తేలినవాడు కాదు. కానీ దీన్ని ఎన్‌బీఏ మీదకి ఎలా తోస్తారు? ఆ నది మీద స్కూల్ టీమ్‌ని తీసుకెళ్ళే పడవ ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఇక్కడ సమస్య, దాని గురించి ఆ పోస్ట్‌లో ఒక్క ముక్క లేదు.

అయినా సరే రెండేళ్ళలో సెట్ అయిపోద్ది అనేవాళ్ళు, ఆరు బోర్డుల స్కూళ్ళకి ఛాంప్స్‌కి, పరీక్షలకి, వానలకి అడ్డం రాకుండా ఒక ఫిక్చర్ లిస్ట్ వేసి పెట్టండి. నేనే షేర్ చేస్తా, బాబాయ్‌కి కూడా పంపిస్తా.