సంచీ వెనుక రాసి ఉన్న మాట దుకాణదారు నోట ఎందుకు రాలేదు?

నిన్న రాత్రి 3 గంటలకు హన్మకొండలోని మా ఇంటి వరండాలో ఫినాయిల్ సీసా, తడిగుడ్డ పట్టుకొని ఆరోసారి మా కుక్కపిల్ల విరేచనాలు తుడుస్తున్నప్పుడు నా కళ్ల ముందు మెదిలింది ఆ దుకాణదారు చిరునవ్వే. మూడు నెలల మా లాబ్రడార్ కుక్కపిల్లకు అలవాటైన తిండి అయిపోయిందని చెప్పి, "అన్నా, గిది దానికన్న మంచిది, ఇయ్యాల్టి సంది ఇదే పెట్టుండ్రి" అంటూ 1,800 రూపాయల సంచీని చేతిలో పెట్టి పంపిన మహానుభావుడు ఆయన. ఉదయం ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె పెట్టాను. మిగతా కథంతా వరండా చెప్పింది.

పిల్ల పేగులు, వాటిలోని సూక్ష్మజీవులు కొత్త తిండికి సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుందని, మొదట మూడు పాళ్ల పాత తిండిలో ఒక పాలు కొత్తది కలిపి, రెండు మూడు రోజులకోసారి పెంచుకుంటూ పోవాలని ఆ సంచీ వెనుకే చీమ తలకాయంత అక్షరాలతో అచ్చువేసి ఉంది. ఫోన్ లైటు వేసుకొని చదువుకున్నాను. పాతది ఇంకెక్కడైనా ఒక అరకిలో దొరుకుతుందేమో చూసుకొమ్మని ఆయన అనగలిగేవాడు. కానీ అలా అంటే బేరం పక్క దుకాణానికి పోతుంది కదా!

ఉదయం పశువైద్యుడు మెడ మీది చర్మాన్ని పైకి లాగి వదిలి, చిగుళ్లు నొక్కి చూసి, ఒంట్లో నీరు తగ్గలేదని చెప్పి, ఉప్పు కారం లేని ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా పెట్టమన్నారు. వాంతులైనా, రక్తం పడినా, పిల్ల డీలాపడినా క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నారు.

ఇంటికొచ్చేసరికి మా పెద్దమ్మ గిన్నెడు బర్రెపాలతో సిద్ధంగా ఉంది. పాలు మాన్పిన వయసులో కుక్కపిల్లకు పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరిగే శక్తి తగ్గుతుందని, ఆ పాలతో విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయని చెబితే, "మనం పెంచలేదారా కుక్కలను?" అని అడిగింది. పెంచాం, పెద్దమ్మా. నా చిన్నప్పుడు మన వాకిట్లోని నల్ల కుక్కపిల్లకు విరేచనాలు పట్టుకుంటే దిష్టి తగిలిందని ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి, ఇవే పాలు పోశారు. రెండో రోజు రక్తం పడింది, మూడో రోజు దాన్ని గోనెసంచిలో చుట్టి తీసుకుపోయారు. దానికి ఒక్క టీకా కూడా వేయించలేదు, కుక్కపిల్లలకు రక్తవిరేచనాలు తెచ్చి ప్రాణం తీసే పార్వో అనే వైరస్ జబ్బు మాట మన ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ గోనెసంచి ఈ రోజుకీ నాకు గుర్తుంది.

మధ్యాహ్నం కోపం ఆపుకోలేక దుకాణదారుకు ఫోన్ చేశాను. ఆయన ఏమాత్రం తొణకకుండా, "గట్లనే అయితది అన్నా, తిండి మార్చినప్పుడు అందరి కుక్కలకు అయితది" అన్నాడు.

అంటే, తెలుసన్నమాట.