ఆఖరి ఇంటూ పడ్డాక

గడులు గడులుగా ఉండే మ్యాటీ గుడ్డ మీద, గడికొకటి చొప్పున కుట్టే ఇంటూ గుర్తుల్లో చిట్టచివరిది వేసి, దారం కత్తిరించి, "అమ్మయ్య, అయిపోయింది" అని సోఫాలో వెనక్కి వాలిన మనిషి మాట నమ్మకండి. అయింది కుట్టడం ఒక్కటే. ఉతకడం, ఇస్త్రీ, అట్టకి బిగించడం, పటం కట్టించడం ఇంకా ఉన్నాయి. నాలుగేళ్ళ క్రాస్ స్టిచ్‌ని ఒక్క పూటలో పాడుచెయ్యగల సత్తా ఈ నాలుగింటికీ ఉంది.

ఏ ఊళ్ళోదైనా సరే, ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇల్లాలు రెండు చిలకల బొమ్మ మొదలుపెట్టింది. మధ్యలో మామిడి కొమ్మ, కింద "స్వాగతం", చుట్టూ తీగ బార్డరు. ఆడపడుచు గృహప్రవేశానికి ఇవ్వాలని సంకల్పం. గృహప్రవేశం అయింది. ఆ ఇంటికి రెండోసారి రంగులు కూడా వేయించారు. బొమ్మ మాత్రం బీరువా పై అరలో, ఎంబ్రాయిడరీ రింగుకి బిగించింది బిగించినట్టే ఉంది. ఇప్పుడు ఆ ఆడపడుచు కూతురికి పెళ్ళి కుదిరింది, ముహూర్తం వారంలోకి వచ్చింది, బొమ్మ కిందికి దిగింది.

ఆలస్యానికి సిగ్గుపడక్కర్లేదు. శాంప్లర్ అంటే రకరకాల కుట్లు, అక్షరాలు కుట్టి చూపే గుడ్డ. తేదీ ఉన్న బ్రిటిష్ శాంప్లర్లలో ఇప్పటిదాకా నిలిచినవాటిలో పాతది లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. జేన్ బోస్టాక్ అనే ఆవిడ కుట్టింది. ఆలిస్ లీ అనే పాప పుట్టిన సంగతి రోజుతో సహా అందులో రాసింది. పాప పుట్టింది 1596లో, గుడ్డ మీద ఉన్న సంవత్సరం 1598. అంటే కానుక చేతికొచ్చేసరికి పాప ఇల్లంతా పరుగులు పెడుతూ ఉండాలి. పైగా కొన్ని బొమ్మలు కుట్టి విప్పేసిన ఆనవాళ్ళు కూడా గుడ్డ మీద మిగిలాయి. కాబట్టి లెక్క తప్పడం, విప్పడం, ఆలస్యంగా ఇవ్వడం నాలుగు వందల ఏళ్ళకి పైబడ్డ సంప్రదాయమే.

బీరువాలోంచి తీసిన గుడ్డ మీద మొదట కనిపించేది చిలక కాదు, రింగు. నెలల తరబడి బిగించి వదిలేస్తే ఆ గీత వెంట దుమ్ము, చేతి జిడ్డు పేరుకుని గోధుమరంగు వలయం పడుతుంది. ఏ పూటకా పూట రింగు విప్పెయ్యాలని అందరికీ తెలుసు, ఎవరూ విప్పరు. గుడ్డకే గుచ్చి వదిలేసిన సూది సంగతి ఇంకా ఘోరం. కాకినాడ, విశాఖపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో అది తుప్పు పట్టి, తీసేసరికి ఒక ఎర్రటి చుక్క వదిలిపెడుతుంది. ఆ చుక్క చిలక కంట్లో పడితే అదృష్టం. మన బొమ్మలో తోకకి అవతల, తెల్లటి చోట పడింది. అక్కడ చార్టులో, అంటే చూసి కుట్టే గడుల కాగితంలో, లేని ఒక మామిడికాయ మొలిచింది.

తర్వాత కొలత. చార్టు 140 గడుల వెడల్పు, 98 గడుల ఎత్తు. 14 కౌంటు గుడ్డ అంటే అంగుళానికి 14 గడులు, కాబట్టి బొమ్మ 10 అంగుళాలు, 7 అంగుళాలు. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదిలితే గుడ్డ 16 × 13 ఉండాలి. ఇల్లాలు 12 × 9 కత్తిరించింది. మిగిలింది టీవీ కవరుకి పనికొస్తుందని! ఆ టీవీ కవరు ఇప్పటికీ కుట్టలేదు, టీవీ గోడెక్కేసింది. ఇంకో చిక్కు కూడా ఉంది. కౌంటు రాయకుండా మీటర్ల లెక్కన అమ్మే మ్యాటీలో అడ్డానికి 14 గడులు ఉంటే నిలువుకి 13 ఉండొచ్చు. 98ని 13తో భాగిస్తే ఏడున్నర అంగుళాలు. చిలకలు అర అంగుళం సాగి కొంగల వైపు మొగ్గాయి. కొనేముందే స్కేలు పెట్టి, సూదిమొనతో రెండు వైపులా అంగుళం లెక్కపెట్టుకోవాలి. షాపులో అలా లెక్కపెడుతుంటే కౌంటరు వెనకాయన అదోలా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక బార్డరు. తీగ ఎడమవైపు నుంచి బయల్దేరి, చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికి వచ్చి అతుక్కోవాలి. ఒక గడి తేడాలో ఆగింది. తప్పు ఎక్కడుందో వెతికితే నాలుగేళ్ళ క్రితం, కింది అంచులో, ఎవరో కాలింగ్ బెల్ కొట్టిన చోట దొరుకుతుంది. అంతా విప్పడం ధర్మమే కానీ ముహూర్తం ఆగదు. ఇలాంటప్పుడు మూలలో సర్దకూడదు, మూలలో తేడా ఆమడ దూరానికి కనిపిస్తుంది. అంచు నడిమధ్యలో ఏదో ఒక ఆకుని ఒక గడి లావు చేస్తే ఎవరూ పట్టుకోలేరు. అసలు ఇదంతా రాకుండా, మొదట్లోనే ప్రతి పది గడులకీ ఒక గీత దారంతో వేసుకోవాలి. మామూలు కుట్టుదారం వేస్తే ఇంటూలు వేసేటప్పుడు సూది దాన్నే పొడుస్తుంది, ఆఖర్న లాగితే రాదు. చేపలు పట్టే సన్న నైలాన్ దారమైతే సూది దిగదు, పని అయ్యాక జారినట్టు వచ్చేస్తుంది.

"స్వాగతం" గురించి ఒక మాట చెప్పుకోవాలి. "వెల్‌కమ్" అని ఇంగ్లీషులో కుట్టడం సులువు. అక్షరానికి ఐదు గడుల వెడల్పు, ఏడు గడుల ఎత్తు, మధ్యలో ఒక గడి ఖాళీ. ఏడక్షరాలకి 41 గడులు, మూడు అంగుళాల్లో ఇమిడిపోతుంది. మన ముందుగదుల్లో అద్దాల వెనక అన్ని ఇంగ్లీషు వెల్‌కమ్‌లు వేలాడటానికి కారణం ఇంగ్లీషు మోజు అనుకుంటాం కానీ, సగం కారణం ఈ లెక్కే. తెలుగక్షరానికి గుండ్రం రావాలంటే డజను గడుల ఎత్తయినా కావాలి, పైన తలకట్టు, కింద వత్తుకి మరో ఐదారు. అంతకంటే తగ్గిస్తే గుండ్రాలన్నీ మెట్లవుతాయి. పైన ఒక్క గడి మూసుకుపోతే "ప" కాస్తా "వ" అవుతుంది, "పండగ శుభాకాంక్షలు" కాస్తా "వండగ శుభాకాంక్షలు" అవుతుంది. పండగపూట ఆడవాళ్ళు చేసే పని అదే కాబట్టి ఎవరూ తప్పుపట్టరనుకోండి.

ఆకుపచ్చ అయిపోయింది. ఒక లచ్చి అంటే ఎనిమిది మీటర్లు, ఆరు పోగులు. 14 కౌంటుకి రెండు పోగులు చాలు. మూడేసి పోగులతో కుట్టింది కాబట్టి లచ్చి మూడింట రెండొంతుల దూరమే వచ్చింది. లేబుల్ మీద ఉన్న నెంబరు రాసుకోలేదు. ఫ్యాన్సీ షాపులో ట్యూబులైటు కింద పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చం అదే రంగు. ఇంటికొచ్చి ఎండలో చూస్తే ఒక చిలక జామాకు, ఇంకోటి గోంగూర. మిగిలిన ముక్కని పగటి వెలుతురులో పట్టుకుని చూపించాలి, వీలైతే కొత్త లచ్చిని ఒకేచోట కాకుండా రెండు చిలకల్లోనూ చెదురుమదురుగా కుట్టాలి. హడావుడిలో గుడ్డని పక్కకి తిప్పి కుట్టడం వల్ల కొన్ని ఇంటూల్లో పై కాలు కుడికి, కొన్నింట్లో ఎడమకి వాలింది. అవి వెలుతురులో వేరేగా మెరుస్తాయి. దీనికి మందు లేదు, దీపం మార్చుకోవడమే.

అసలు ప్రళయం బకెట్‌లో ఉంది. చిలక ముక్కు ఎరుపు, ముక్కు చుట్టూ తెలుపు. ఆ పూటే ఎవరో పోపు చేతితో అంచు ముట్టుకున్నారు, పసుపు మరక పడింది. ఇల్లాలు బట్టల సబ్బు రాసింది. పసుపు సబ్బు తగలగానే కుంకుమరంగుకి తిరిగింది. అది పసుపు స్వభావం, సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది. బాగా జాడించి, తడిగానే, కుట్టిన భాగం కప్పేసి మరకని ఎండకి పెడితే ఒకట్రెండు రోజుల్లో వెలిసిపోయేది. ఆ సంగతి తెలియక వేడినీళ్ళు కుమ్మరించారు. వేడినీళ్ళకి ముక్కు ఎరుపు కదిలింది. రెండు చిలకలూ అప్పుడే తాంబూలం వేసుకున్నట్టు తయారయ్యాయి.

ఇక్కడ అందరూ గుమిగూడి సలహాలిస్తారు. అత్తగారు "కాస్త ఉప్పు వెయ్యవే, రంగు ఆగుతుంది" అంటారు. అద్దకం అయిపోయిన నూలు దారంలో వదులుగా ఉన్న రంగుని ఉప్పు పట్టి ఆపలేదు, వెనిగరూ ఆపలేదు. పక్కింటి పిన్నిగారు కుంకుడు రసం అంటారు. పట్టుచీరకి అమృతమే, తెల్ల మ్యాటీకి మాత్రం ఆ రసం తన రంగే కొంచెం ఇచ్చిపోవచ్చు. ఇంటాయన పేపరు మడిచి "ఆరబెట్టండి, ఆరాక చూద్దాం" అంటాడు. అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. ఆరితే మరక స్థిరపడుతుంది, ఇస్త్రీ పెట్టె తగిలితే శాశ్వతం. చెయ్యాల్సింది ఒక్కటే: గుడ్డ ఆరకుండా, పిండకుండా, చల్లటి నీళ్ళలో పరిచినట్టు మునిగేలా ఉంచి, నీళ్ళు రంగు తేలినప్పుడల్లా పారబోసి కొత్తవి పొయ్యడం. నీళ్ళు తేటగా నిలిచేదాకా. గంటలు పట్టొచ్చు, రాత్రంతా పట్టొచ్చు. ఆ రాత్రి ఆ ఇంట్లో స్నానాల గదిలో పెద్ద బేసిన్ పక్కన ఒకరి తర్వాత ఒకరు డ్యూటీ చేశారు. తెల్లవారేసరికి తాంబూలం వదిలింది.

ఇస్త్రీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గుడ్డ తడి ఆరీ ఆరకముందే, మందపాటి టర్కీ తువ్వాలు పరిచి, దాని మీద బొమ్మ బోర్లా వేసి, వెనక నుంచి అద్దాలి. అప్పుడు ఇంటూలు తువ్వాల్లోకి దిగి ఉబ్బుగా నిలుస్తాయి, తిన్నగా మీద రుద్దితే చదునైపోతాయి. ఒక్క హెచ్చరిక: నీళ్ళకి పోయే నీలం పెన్నుతో గీతలు గీసి ఉంటే, ముందు చల్లటి నీళ్ళలో అవి పూర్తిగా పోయాకే ఇస్త్రీ. వేడి తగిలిందా, ఆ నీలం మీ మనవళ్ళు కూడా చూస్తారు.

ఇప్పుడు అట్ట. పద్ధతిగా చెయ్యాలంటే ఆమ్లం లేని మౌంట్ బోర్డుని బొమ్మకంటే అన్నివైపులా ముప్పావు అంగుళం పెద్దగా కత్తిరించి, గుడ్డని దాని మీద పరిచి, అట్ట మందంలోకి గుండుసూదులు గుచ్చాలి. ప్రతి వైపూ మధ్యలో మొదలుపెట్టి మూలలకి పోవాలి. గుడ్డలోని ఒకే రంధ్రాల వరస అట్ట అంచు వెంట నడుస్తోందో లేదో చూసుకుంటూ ఉండాలి, లేకపోతే "స్వాగతం" ఎత్తెక్కుతుంది. తర్వాత గట్టి దారంతో వెనకవైపు ఈ చివర నుంచి ఆ చివరకి నవారు మంచం అల్లినట్టు లాగి బిగించాలి, ముందు పొడుగు వైపులు, తర్వాత పొట్టివి. గమ్ము అసలు వద్దు, కొన్నాళ్ళకి పసుపెక్కి ముందుకి తేలుతుంది. మరి మన గుడ్డకి మడవడానికి మార్జినేదీ? చుట్టూ పాత పంచె ముక్కలు అతికి కుట్టి పెంచారు. ఇది నిజంగా మంచి ఉపాయమే.

ఆ మంచి ఉపాయాన్ని పటాలు కట్టే ఆయన కత్తెరతో పరిష్కరించాడు. అట్టకి బిగించే తీరిక లేక, దాన్నీ ఆయనకే వదిలేశారు మరి.

"అమ్మా, ఈ పంచె ముక్కలు దేనికండీ? తీసేశాను. నీట్‌గా వచ్చింది చూడండి" అన్నాడాయన. హార్డ్‌బోర్డుకి గమ్ము, దాని మీద గుడ్డ, దాన్ని నొక్కుతూ అద్దం. దేవుడి పటాలకి ఏళ్ళ తరబడి చేస్తున్నదే, ఆయన తప్పేమీ లేదు. అద్దం దారానికి తగలకూడదని, మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం, ఉంటే వానాకాలం చెమ్మకి బూజు రాదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఫ్రేము అంచు చుట్టూ పావు అంగుళం మింగుతుందని ఇల్లాలికి ఎవరూ చెప్పలేదు. కుడివైపు కింది మూలలో, బార్డరు బయట, పొడి అక్షరాలు, సంవత్సరం కుట్టింది. మొదట్లో 2021 అని కుట్టి, విప్పి, మొన్న రాత్రి సరిచేసింది. అవి ఇప్పుడు చెక్క కింద ఉన్నాయి. ఏ సంవత్సరమైనా ఒకటే.

పెళ్ళింట్లో పటం చేతులు మారింది. "ఎక్కడ కొన్నావు వదినా, ప్రింటు భలే ఉంది" అంది ఆడపడుచు. అద్దం వెనక నొక్కుకుపోయిన ఇంటూలు నిజంగానే ప్రింటులా ఉన్నాయి. ఇల్లాలు నోరు తెరిచేలోపు, ఎప్పుడో టైలరింగ్ హయ్యర్ పరీక్ష పాసైన పెద్దమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని పటాన్ని దగ్గరికి లాక్కున్నారు. ముందువైపు ఒక్క క్షణం చూశారు.

"ముందు ఎవరైనా బాగానే కుడతారే అమ్మాయ్. వెనక ముడులు లేకుండా కుట్టావా? నల్లదారం ఇక్కణ్ణుంచి అక్కడికి లాగెయ్యలేదు కదా?"

వెనక ముడులున్నాయి. నల్లదారం ఒక చిలక కంట్లోంచి ఇంకో చిలక కంట్లోకి తిన్నగా లాగే ఉంది. నాలుగు గడులకి మించి లాగకూడదు, తెల్ల గుడ్డలోంచి నీడలా కనిపిస్తుంది. హార్డ్‌బోర్డు, చుట్టూ పన్నెండు మేకులు, దాని మీద గోధుమరంగు టేపు చూసుకుని ఇల్లాలు మొదటిసారి పటాల ఆయన్ని మనసులో మెచ్చుకుంది. "అబ్బే, ఇప్పుడు తియ్యడానికి రాదు పెద్దమ్మా" అంది.

పెద్దమ్మగారు అప్పటికే టేపు అంచు గోటితో లేపుతూ, కటింగ్ ప్లేయరు ఎవరి దగ్గరైనా ఉందా అని షామియానా కుర్రాళ్ళని అడుగుతున్నారు.