ఇంప్లాంట్ ఏ దేశానిదో సరే, పడేది ఎవరి ఎముకలో?

తిరుపతి లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల ఏ వీధిలోకి తిరిగినా పళ్ల క్లినిక్ బోర్డు తగులుతుంది. స్విస్ ఇంప్లాంట్, కొరియా ఇంప్లాంట్, జీవితకాల గ్యారంటీ, మూడు రోజుల్లో పళ్లు. ఇంప్లాంట్ అంటే ఊడిన పంటి చోట దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, దాని మీదే కొత్త పన్ను కూర్చుంటుంది. ఆ గ్యారంటీ స్క్రూకి. మొదటి నెలల్లో ఇంప్లాంట్ ఊగేది స్క్రూ విరిగి కాదు, దాన్ని ఎముక పట్టుకోక. ఎముకకు ఏ కంపెనీ గ్యారంటీ కార్డు ఇవ్వదు.

బిగించిన రోజు పట్టు వేరు, తర్వాత వచ్చే పట్టు వేరు. మొదటిది మరలు ఎముకను కరవడం. ఎంత బలంతో బిగిసిందో చూపే టార్క్ రెంచ్ మీద 35 న్యూటన్ సెంటీమీటర్లు వస్తే డాక్టరుకు ధైర్యం. పై దవడ వెనక వైపు ఎముక థర్మాకోల్‌లా ఉంటుంది, అక్కడ అంత రావడమే కష్టం. రెండోది, కొత్త ఎముక పుట్టి టైటానియంకు అతుక్కోవడం. డ్రిల్లు దెబ్బ తిన్న పాత ఎముకను ఒళ్లు కరిగించేస్తుంటుంది, కొత్తది ఇంకా పచ్చిగా ఉంటుంది. అందుకే మూడో నాలుగో వారంలో పట్టు జారుతుంది. ఇంప్లాంట్ ఎంత గట్టిగా నిలిచిందో నూటికి లెక్కగట్టే ఐఎస్‌క్యూ మీటరులో మొదటి రోజు 70 దాటినది అప్పటికి అరవైల్లోకి దిగవచ్చు. వాపు పోయింది, కుట్లు తీసేశారు, నొప్పి లేదు. చెగోడీలు కొరకాలనిపించేదీ అప్పుడే. (సంగటి తినండి, ఎవరొద్దన్నారు!) సుమారు 150 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందం మించి ఇంప్లాంట్ కదులుతుంటే చుట్టూ ఎముకకు బదులు పీచు కండ పెరుగుతుంది. ఇక అది బిగియదు. తీసేసి, ఎముక పూడేదాకా నెలల తరబడి ఆగాల్సిందే.

ఆ పట్టు ఎంత జారుతుందో, ఎన్నాళ్లకు తేరుకుంటుందో తేల్చడంలో షుగర్‌ది పెద్ద చెయ్యి. రక్తంలో చక్కెర ఎక్కువైతే ఎముక కట్టే కణాలు మందగిస్తాయి, సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. ఆపరేషన్ ముందు వేలు గుచ్చి చూసే అంకెను నమ్మొద్దు. రెండు రోజులు అన్నం తగ్గిస్తే అదీ తగ్గుతుంది. మూడు నెలల లెక్క చెప్పే హెచ్‌బీఏ1సీ కావాలి. 7 లోపుంటే ముందుకు వెళ్లొచ్చు, 8 దాటితే ఆగడం మంచిది. రక్తహీనత ఉంటే ఈ అంకె కూడా తప్పుదారి పట్టిస్తుంది, కాబట్టి హిమోగ్లోబిన్ పక్కనే చూడాలి. బీడీ, సిగరెట్టు కనీసం వారం ముందు మాని, తర్వాత ఎనిమిది వారాలు ముట్టకూడదు.

అందరూ మరిచేది ఎముకల ఇంజెక్షన్. "ఏం మాత్రలు వాడుతున్నారమ్మా?" అని అడిగితే బీపీ, థైరాయిడ్ మాత్రల పేర్లు చెబుతారు. ఎముకల అరుగుదలకు ఏడాదికోసారి ఎక్కించుకునే జోలెడ్రానిక్ యాసిడ్ మాత్ర కాదు కదా, గుర్తుకే రాదు. అరుదే గానీ, ఆ మందు మీదున్నప్పుడు దవడకు గాయమైతే ఎముక మానక చచ్చుబడవచ్చు. "ఏడాదికో, ఆర్నెల్లకో సూది వేయించుకుంటున్నారా?" అని విడిగా అడగాలి.

షుగర్ ఉన్నా అదుపులో ఉంటే ఇంప్లాంట్లు మామూలు వాళ్లకు దగ్గరగానే నిలుస్తున్నాయని డెంటిస్టులు అంటారు. నిజమే. అయితే అదుపులో ఉందని తేల్చింది ఎవరు, ఏ రిపోర్టు చూసి?

అసలు జబ్బు ఇక్కడే ఉంది. మన వైద్యం నోటిని ఒంటి నుంచి విడగొట్టేసింది. డెంటిస్టులకు 1948లోనే వేరే చట్టం. 2019లో మెడికల్ కమిషన్ చట్టం వచ్చింది, 2023లో డెంటల్ కమిషన్‌కు మళ్లీ వేరే చట్టం. చట్టాలు వేరైతే పోనీ, ఫైళ్లు కూడా వేరైపోయాయి. షుగర్ డాక్టరు పాదాలు చూస్తారు, చిగుళ్లు చూడరు. చిగుళ్ల జబ్బు షుగర్‌ను పెంచుతుంది, షుగర్ చిగుళ్లను తినేస్తుంది, ఆ చిగుళ్లు పోయిన చోటే ఇంప్లాంట్ వేస్తాం.

చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చే పేషెంటు చేతి సంచిలో పళ్ల ఎక్స్‌రే ఉంటుంది. షుగర్ ఫైలు ఇంట్లో బీరువా మీద ఉంటుంది. ఇంటికి ఫోన్ చేసి, ఆ ఫైలులో చివరి రెండు పేజీలు వాట్సాప్‌లో పంపమంటే ఐదు నిమిషాల పని. డ్రిల్లు పట్టుకునే ముందు.