కొసరుగా వచ్చిన ఎస్ఎంపీఎస్

కూరగాయల బండి దగ్గర కరివేపాకును కొసరుగా అడిగి పుచ్చుకోవడం మన జన్మహక్కు. ఆ హక్కును కంప్యూటర్ల దుకాణంలో కూడా వినియోగించుకోవడమే నేను చేసిన పొరపాటు.

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయికి వీడియో ఎడిటింగ్ పిచ్చి పట్టడంతో, నిరుడు వేసవిలో విడిభాగాలు కొని ఒక కంప్యూటర్ అమర్చుకుందామని తండ్రీకొడుకులం సికింద్రాబాదు పార్క్‌లేన్‌కు బయలుదేరాం. ప్రాసెసర్ కోసం రెండు వారాలు, గ్రాఫిక్స్ కార్డు కోసం మూడు వారాలు మేము చేసిన విచారణ మా అమ్మాయి పెళ్లి సంబంధానికి కూడా చేయలేదు. చివరికి జాబితాలో పవర్ సప్లై, అంటే ఎస్ఎంపీఎస్, ఒక్కటే మిగిలింది, జేబులో మాత్రం ఏమీ మిగల్లేదు. దుకాణంలోని కుర్రాడు నా ముఖం చదివేశాడు. "క్యాబినెట్ తీసుకుంటే ఎస్ఎంపీఎస్ ఫ్రీ సార్, 450 వాట్స్" అన్నాడు. ఫ్రీ అన్న మాట విన్నాక 450 అన్న అంకెను శంకించడం మర్యాద కాదనిపించింది. మా వాడు "నాన్నా, అది..." అని ఏదో నసిగాడు గాని, గోడలోని కరెంటును కంప్యూటర్‌కు అందించే రేకు డబ్బాకు కూడా వంశవృక్షం చూడాలా అని వాడి నోరు మూయించాను.

మొదటి నెల రోజులూ సంసారం సవ్యంగా సాగింది. ఆ తరువాత మా వాడు గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు కంప్యూటర్ చడీచప్పుడు లేకుండా ఆగిపోవడం, మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచి కూర్చోవడం మొదలైంది. వైరస్ అన్నాను, విండోస్‌ను రెండుసార్లు తుడిచి మళ్లీ వేయించాను. ర్యామ్ తీసి దాని పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. లో వోల్టేజీ కావచ్చునని లైన్‌మన్‌ను బతిమాలి పిలిపిస్తే, ఆయన మీటరు పెట్టి చూసి "230 నిక్షేపంలా వస్తోంది సార్, మా మీద పడకండి" అని టీ తాగి వెళ్లిపోయాడు. ఇవేవీ పనిచేయకపోవడంతో మా అమ్మ రంగంలోకి దిగి, ఇంత రంగురంగుల దీపాలున్న పెట్టెకు దిష్టి తగలక మానదని తేల్చి, క్యాబినెట్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కట్టించింది. ఆశ్చర్యమేమిటంటే ఆ తరువాత వారం రోజుల పాటు అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ వారం మా వాడికి పరీక్షలు కావడం వల్ల కంప్యూటర్‌లో నోట్స్ చదవడం తప్ప గేమ్ జోలికి పోలేదన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. ఘనత మొత్తం నిమ్మకాయకే దక్కింది.

ఆ ధీమాతోనే మా మరదలి కూతురి ఓణీల వేడుక వీడియోను మా వాడే తయారు చేస్తాడని మాట ఇచ్చేశాను. శనివారం సాయంత్రం బంధువులంతా మా హాల్లో చేరి, కాఫీలు తాగుతూ, వీడియో ఎంత శాతం తయారైందో చూపుతూ తెర మీద పాకుతున్న ఆకుపచ్చ గీతను సినిమా చూసినంత శ్రద్ధగా చూస్తున్నారు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ ఒళ్లు వంచి పనిచేస్తున్నాయి. తొంభై అయిదు అయింది, తొంభై ఆరు అయింది, తొంభై ఏడు దగ్గర ఢామ్మని ఒక్క చప్పుడు వినిపించి, ఇంట్లోని దీపాలన్నీ ఆరిపోయాయి. ఆ చీకట్లోంచి మొదట పొగ వచ్చింది, ఆ వెనుక వాసన వచ్చింది. మూడు తరాలుగా శాకాహారం తప్ప ఎరుగని ఇంట్లో మా అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏమిటే అమ్మాయీ, ఈయనగారు ఎండుచేపలు ఎప్పటినుంచి తింటున్నారు?" అని మా ఆవిడను నిలదీశారు. కెపాసిటర్ పగిలితే అందులోని ద్రవం అలాంటి కంపే కొడుతుందని వివరించబోయాను గాని, దీపాలార్పిన అల్లుడి మాటకు ఆ సమయంలో విలువేముంటుంది?

మర్నాడు మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చాడు. తీగ పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు దాగి ఉంటుందనీ, నన్ను మాత్రం ఎప్పుడూ మూత తీయవద్దనీ హెచ్చరించి, తానే తీశాడు. లోపల సర్క్యూట్ బోర్డు మీద ఇక్కడ కాయిల్, ఇక్కడ కెపాసిటర్ అని గుర్తులు అచ్చువేసి ఉన్నాయి గాని, ఆ చోట్లలో సగం, పెళ్లిభోజనాల్లో మనిషి రాని విస్తళ్లలా ఖాళీగా ఉన్నాయి. కరెంటులోని కల్మషాన్ని వడకట్టవలసిన కాయిల్ స్థానంలో రెండంగుళాల తీగ ముక్క అతికించి ఉంది. ఆ తరువాత అతను డబ్బా పక్కనున్న కాగితం నాకు చూపించాడు. పైన 450 అని బొటనవేలంత అక్షరాలతో ఉంటే, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో 12 వోల్టుల వరసలో 14 ఆంపియర్లు అని ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని చెప్పి, "పన్నెండు పద్నాలుగులు ఎంత సార్?" అన్నాడు. నూట అరవై ఎనిమిది అన్నాను, ఎక్కాలు వచ్చినందుకు ఆ క్షణంలో తొలిసారి సిగ్గుపడుతూ. ఈ కాలపు ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేది దాదాపుగా ఆ 12 వోల్టుల తిండే. మా ప్రాసెసర్‌కు 65 వాట్లు, కార్డుకు 120 వాట్లు కలిపితేనే 185 అవుతోంది. అంటే మా వాడు గేమ్ తెరిచిన ప్రతిసారీ ఆ డబ్బా తనకు లేని బలాన్ని ప్రదర్శించి మూర్ఛపోతూ వచ్చిందన్నమాట. పోతూ పోతూ అది ఒంటరిగా పోలేదు, మదర్‌బోర్డును కూడా సహగమనం చేయించింది.

రెండోసారి పార్క్‌లేన్‌కు వెళ్లినప్పుడు మా ఆవిడ కూడా వెంట వచ్చింది. భయం కొద్దీ నేను 1000 వాట్ల డబ్బా మీద చెయ్యి వేస్తే, "ఏమండీ, నలుగురికి వండడానికి పెళ్లి గుండిగె ఎందుకండీ?" అని ఆపింది. మా వాడు లెక్క కట్టాడు. అన్నీ కలిపి 250 వాట్లకు మించవు, కార్డు క్షణకాలం ఎగబడి లాగినా తట్టుకోవడానికి 550 ధారాళంగా సరిపోతుంది. 550 అని రాసి ఉన్నంత మాత్రాన అది ఎప్పుడూ 550 లాగదని, అవసరమైనంతే తీసుకుంటుందని, మీటరు గురించి బెంగపడుతున్న నాకు వాడే నచ్చచెప్పాడు. 80 ప్లస్ అనే ముద్ర గురించి కూడా అక్కడే తెలిసింది. 2004లో మొదలైన ఈ ముద్ర రావాలంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం కంప్యూటర్‌కు చేర్చాలి, మిగిలినదే వేడిగా పోవాలి. బ్రాంజ్, గోల్డ్ అని మెట్లు పెరిగినకొద్దీ ఆ వృథా తగ్గుతుంది. అయితే అది పొదుపుకు ఇచ్చిన పతకమే గాని ఆయుష్షుకు ఇచ్చిన హామీ కాదు కనుక, నేను ముద్ర కంటే అయిదేళ్ల వారంటీ కాగితాన్నే ఎక్కువ నమ్మాను. మా ఆవిడ రెండింటినీ నమ్మకుండా, వంకాయలు ఏరినట్టు ఒక్కొక్క డబ్బాను అరచేతిలో పెట్టుకుని తూచింది. బరువొక్కటే ప్రమాణం కాదని మా వాడు గొణిగినా, లోపల కాయిళ్లూ రాగీ ఉన్నది బరువుగా ఉండక తప్పదు గనుక, ఆ పరీక్షను నేను తీసిపారేయలేకపోయాను. ముగ్గురి తీర్పూ ఒకే 550 వాట్ల బ్రాంజ్ డబ్బా మీద పడింది.

డబ్బులు కట్టాక మా ఆవిడ అలవాటు కొద్దీ, "ఇంత పెట్టి కొన్నాం, కొసరు ఏమీ ఇవ్వవా బాబూ?" అని అడిగింది. కుర్రాడు ఉత్సాహంగా బల్ల కిందికి వంగి, మాకు బాగా పరిచయమున్న ఒక రేకు డబ్బాను పైకి తీశాడు. "మీ కోసం ఇది ఫ్రీ మేడమ్, 450 వాట్స్" అన్నాడు. మా ఆవిడ దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"కరివేపాకు ఇంతకంటే బరువుంటుంది బాబూ" అంది.