లైన్ కాదండీ, లీన్

మా కందుకూరు వైపు రైతులకు పెద్ద లోటొకటి ఉంది. పొగాకు ధర అనుకునేరు. కాదు, ఉచ్చారణ.

మొన్న మా పెదనాన్నతో బ్యాంకుకెళ్తే తెలిసొచ్చింది. ఖాతాలో డబ్బులున్నాయి, తీయబోతే రావు; అప్పు బాకీ కింద బ్యాంకు ఆపేసిందట.

"ఏదో లైన్ పెట్టారంట గదా అబ్బయ్యా?"

కౌంటరు అవతలి కుర్రాడు పెన్ను కింద పెట్టాడు. "లైన్ కాదండీ, లీన్."

"లీను."

"చివర్లో ఉ లేదండీ. లీన్."

పెదనాన్న తువ్వాలుతో మూతి తుడుచుకుని మళ్లీ మొదలెట్టాడు. వెనక పాస్‌బుక్కులు పట్టుకుని నిలబడ్డవాళ్ల పెదాలు కూడా కదులుతున్నాయి, రేపు తమ వంతొస్తే పరువు పోకూడదుగా. నాలుగోసారికి నోరు తిరిగింది. కుర్రాడు మెచ్చుకున్నాడు. డబ్బులు మాత్రం ఇవ్వలేదు.

2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు కూడా ఇంత తికమక పడలేదు. అరబ్బీ 'జబ్త్'ను జప్తు చేసి అరిగించుకున్న నోళ్లు మావి. ఇక ఫోర్‌క్లోజర్ ఉంది చూశారూ, అమెరికాలో ఆ మాట వింటే ఇల్లు పోయిందని ఏడుస్తారు, మన బ్యాంకుల్లో అప్పు ముందే తీరిపోయిందని స్వీట్లు పంచుతారు. పలకడం మాత్రం రెండుచోట్లా ఒకటే!

ఇంతకీ లీన్‌కు మూలం లాటిన్‌లో కట్టు అనే అర్థమున్న మాట. అంటే మన పలుపుతాడు. గొడ్డు మన కొట్టంలోనే ఉంటుంది, విప్పుకోవడానికి మాత్రం లేదు. ఈ ఒక్క ముక్క చెప్పుంటే పెదనాన్నే వాళ్లకు పాఠం చెప్పేవాడు.

"మరి పొలం?" అన్నాడు పెదనాన్న. "అప్పు కట్టకపోతే సర్ఫేసీ కింద జప్తే," అన్నాడు కుర్రాడు. అక్షరం పొల్లుపోలేదు. అర్థమే తప్పు. కోర్టుకెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు పట్టుకోనిచ్చే 2002 నాటి ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని అందులోనే 31వ సెక్షన్లో రాసుందయ్యా! కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకున్నా వంటగిన్నెలు, పక్కబట్టలు, తాళిబొట్టు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు అనుకున్న ఎద్దులు, విత్తనాలు ముట్టుకోకూడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్, 60వ సెక్షన్. 'ఉ' తీసేయడానికి నాలుగుసార్లు తెరిచిన నోరు దీనికి ఒక్కసారి తెరుచుకోలేదేం? డెబ్బై ఏళ్ల మనిషి రెండు రాత్రులు మంచం మీద కూర్చునే తెల్లవార్చాడు. సిగ్గుండాలి.

మూడోరోజు పొద్దున కొట్టం దగ్గర్నుంచి కేక వేశాడు: "ఒరే అబ్బయ్యా, బర్రె లీన్ తెంచుకుపోతందిరా, పట్టుకో!"