బొట్టు మాయం చేసే లైటింగు

విశాఖలో పెళ్లికూతుళ్లందరికీ ఈ మధ్య ఒకటే జబ్బు పట్టుకుంది. సగం ముఖం నీలం, సగం ముఖం గులాబీ. కంగారుపడి కేజీహెచ్ ఆస్పత్రికి పరిగెత్తకండి, దాన్ని క్రియేటివ్ లైటింగ్ అంటారట. ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా ఏ స్టూడియో మెట్లెక్కినా గోడ మీద ఇదే బొమ్మ, కళ్లు అరమోడ్చి ఎటో చూస్తున్న అమ్మాయి. ఎటు చూస్తోందో సరే, ఎవరమ్మాయో వాళ్లమ్మక్కూడా తెలీదు.

లైటు ముందు జెల్ అని ఒక పల్చటి రంగు షీటు పెడతారు. పాపం, అది ఒకప్పుడు ఫోటోలవాళ్ల దగ్గర బుద్ధిగా బతికిన వస్తువే. కెల్విన్ అని వెలుగు రంగుకో కొలత ఉంది, 3200 కెల్విన్ బల్బు పసుపునీ, 5600 కెల్విన్ పగటి వెలుగునీ సర్ది, మనిషి ముఖం మనిషి ముఖంలా కనపడేట్టు చూసేది. ఇప్పుడు దానికి ప్రమోషన్ వచ్చింది.

మా మేనకోడలి బ్రైడల్ పోర్ట్రెయిట్ షూట్‌కి మా అమ్మని కూడా తీసుకెళ్లడం జరిగింది. ఎడమవైపు ఎర్ర జెల్, కుడివైపు నీలం జెల్, కాళ్ల దగ్గర పొగ మిషను, జుట్టు ఎగరడానికి టేబుల్ ఫ్యాను. ఆ ఫ్యాను పొగనంతా తెచ్చి పిల్ల ముఖాన కొడుతుంటే ఆ పిల్ల దగ్గుతోంది, కెమెరా అబ్బాయేమో "సూపర్ మేడమ్, అదే ఎక్స్‌ప్రెషన్" అంటున్నాడు. మానిటర్ మీద ఫోటో పడింది. మా అమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "ఏట్రా ఇది, గుంటకి బొట్టేదీ?"

బొట్టుంది. నుదుటి మధ్యలో, రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. కానీ ఎర్ర లైటులో ముఖమంతా ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఎర్ర బొట్టు అందులో కలిసిపోతుంది, నీలం లైటులో ఆ బొట్టుకి తిరిగి పంపడానికి ఎర్ర వెలుగే దొరకదు కాబట్టి నల్లబడుతుంది. అంటే ఎడమ సగం బొట్టు మాయం, కుడి సగం మసిబొట్టు. మధ్యాహ్నమంతా బేరమాడి కొన్న పచ్చ పట్టుచీర ఎర్ర లైటు పడినంత మేరా నల్లచీర. "పెళ్లికూతురికి నల్లచీర కట్టబెట్టీసినార్రా!" అని ఆవిడ కుర్చీలోంచి లేచింది. ఆ అబ్బాయి ఎంతో ఓపిగ్గా "అది మూడ్ అండీ, అమ్మమ్మగారూ" అన్నాడు. "ఎవరికి బాబూ మూడు?" అంది ఆవిడ. జవాబు రాలేదు.

రంగు లైటు తప్పని కాదు. తెలిసినవాళ్లు వేస్తే చూడటానికి రెండు కళ్లూ చాలవు. వాళ్లు ముఖానికి మామూలు లైటు ఎదురుగా పైనుంచి వేస్తారు, ముక్కు కింద సీతాకోకచిలుకలా చిన్న నీడ పడుతుంది, రంగుని జుట్టు అంచుకీ నీడలోకీ మాత్రమే వదులుతారు. రంగు నిలిచేది నీడలోనే, తెల్ల లైటు మీద పడిందా, వెలిసిపోతుంది. మనవాళ్లు ఎదురుగా బ్యూటీ డిష్ అనే పళ్లెం లాంటి లైటుని ఫుల్ పవర్‌లో కొట్టి, రంగు పోయిందని ఫోటోషాప్‌లో బకెట్లతో కుమ్మరిస్తారు. ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలోకి అస్తమిస్తున్నట్టు ఎడిట్ చేసి పెట్టేదీ వీళ్లే. బాబూ, మనది తూర్పు తీరం, మనకి పొద్దు గుంకేది కొండల వెనకాల.

ఇక్కడిదాకా నవ్వుకుని ఊరుకుందును. ఎడిటింగ్ అయ్యాక వచ్చిన ఆల్బమ్ చూశాక నవ్వు రాలేదు. మా పిల్ల చామనఛాయ. ఆల్బమ్‌లో ఉన్నది సున్నం కొట్టిన గోడ. ఎవరు చెయ్యమన్నారని అడిగితే "అందరికీ చేస్తామండీ, ప్యాకేజీలోనే ఉంటుంది" అన్నాడు, పెద్ద ఉపకారం చేసినట్టు. మెజెంటా కావాలి, టీల్ కావాలి, ఆంబర్ కావాలి, ఈ లోకంలో ఉన్న ప్రతి రంగూ వీళ్లకి కావాలి, మనింట్లో పుట్టిన ఆడపిల్ల ఒంటి రంగు ఒక్కటే పనికిరాదు!

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకి బుద్ధి లేదు, ఎదురుగా ఏమున్నా 18 శాతం బూడిద రంగనుకుని లెక్క కడుతుంది, నల్లటి ముఖాన్ని తనంతట తనే తెల్లగా లాగుతుంది. దాన్ని సరిదిద్దడానికే కదా వెనకాల మనిషిని పెట్టింది? వెలుతురుని మెత్తబరిచే తెల్లగుడ్డ పెట్టె, అదే సాఫ్ట్‌బాక్స్, పెద్దది పక్కనుంచి పెడితే చామనఛాయ చెంప మీద ఒక మెరుపు తేలుతుంది, తెల్ల చర్మం మీద అది అంతగా కనపడదు. అది చూసే కన్ను లేదుగానీ లక్షల ఖరీదు లెన్సులున్నాయి. 1950ల నుంచి ఫిల్ము తయారుచేసే కొడాక్ వాళ్లు ఫోటోలు కడిగే ల్యాబుల్లో రంగు సరిచూసుకోవడానికి షిర్లీ కార్డులని తెల్ల అమ్మాయి ఫోటోలు పంపేవారు. ముదురు రంగులు సరిగా రావట్లేదని గట్టిగా గోల పెట్టినవాళ్లలో చాక్లెట్లవాళ్లూ, చెక్క సామానువాళ్లూ ఉన్నారు. చాక్లెట్టుకీ, బీరువాకీ అడిగే నాథుడున్నాడు. మా పిల్ల ఆ ఆల్బమ్ ఒకసారి తిప్పి, "నేను అసలు ఇలా ఉంటే బాగుండేదా మామయ్యా?" అంది. పెళ్లికి ముందు ఏ పిల్లయినా అడగాల్సిన ప్రశ్నా ఇది? ఎవడిచ్చాడ్రా మీకు ఆ హక్కు?

మర్నాడు స్టూడియోకి వెళ్లి, ఎడిట్ చెయ్యని ఫోటోలు ఇవ్వమన్నాను. వాళ్లు రేటు కార్డు తీశారు. తెల్లగా చెయ్యడం ఫ్రీ అట, ఒరిజినల్ కలర్‌కి మాత్రం ఎక్స్‌ట్రా అట.